వైజాగ్ వస్తున్నారా? లిస్టు పక్కన పెట్టి ఎవరిని ఏం అడగాలో చెప్తాను

పరీక్షలు అయిపోగానే మాకు ఫోన్లు మొదలవుతాయి. "రెండ్రోజులు ఉంటాం, వైజాగ్‌లో ఏం చూడాలో ఓ లిస్టు పంపు" అని. మొదట్లో పంపేవాణ్ణి. కైలాసగిరి, ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, రుషికొండ, సింహాచలం. వాళ్ళొచ్చి మిట్టమధ్యాహ్నం కైలాసగిరి ఎక్కి, ఎండకు మాడి, సోమవారం పూట సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్ళి తాళం చూసి, రైలెక్కేటప్పుడు "బాగానే ఉంది గానీ..." అని నసిగేవాళ్ళు.

లిస్టులో తప్పేమీ లేదు. ఆ పేర్లు ఎవరికైనా దొరుకుతాయి. ఇక్కడ ఉండేవాళ్ళకి తెలిసిందల్లా ఏ చోటికి ఎన్నింటికి వెళ్ళాలి, ఏ రోజు వెళ్ళకూడదు అన్నది. వేళ తెలిస్తే పాత చోటే కొత్తగా కనిపిస్తుంది. కాబట్టి ఈసారి లిస్టు లేదు, ఆ వేళల్ని ఊళ్ళోవాళ్ళ దగ్గర ఎలా రాబట్టాలో చెప్తాను, నాకు తెలిసినవి కూడా మధ్యమధ్యలో పెడతాను.

ఏం కావాలి

- కనీసం రెండు రాత్రులు. ఒక్క రోజే ఉంటే 1, 2, 4 అడుగులు చేసి సాయంత్రం బీచ్‌లో కూర్చోండి, చాలు.
- తడిసినా పాడవని చెప్పులు, వేలికి పట్టీ ఉన్నవైతే మేలు. ఎందుకో హార్బర్ దగ్గర తెలుస్తుంది.
- చిల్లర. ఫోన్‌లో డబ్బులు అన్నిచోట్లా నడుస్తాయి గానీ షేర్ ఆటోలో పక్కవాడి మోకాలు తగులుతుండగా ఫోన్ తీసి స్కాన్ చేయడం పెద్ద పని.
- ఆడవాళ్ళైతే ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చే మా వదిన ప్రతిసారీ తెలంగాణ ఆధార్ చూపించి కండక్టర్‌తో వాదిస్తుంది. అది ఇక్కడ చెల్లదు, మన కార్డు అక్కడ చెల్లనట్టే.
- తెల్లవారుజామున నాలుగున్నరకి లేవగలిగే ఓపిక. ఒక్క రోజు చాలు.

అడుగు 1: ప్రశ్న మార్చండి

"ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయండీ?" అని అడిగారా, మీకు కైలాసగిరే వస్తుంది. ఎవర్ని అడిగినా అంతే. అవతలి మనిషి మిమ్మల్ని టూరిస్టు అనుకుని, టూరిస్టుకి చెప్పాల్సింది చెప్తాడు. వాళ్ళ బతుకు గురించి అడగండి:

"ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు?"
"ఇంటికి చుట్టాలొస్తే చేపలు ఎక్కడ కొంటారు?"
"పొద్దున వంట చేసే ఓపిక లేకపోతే టిఫిన్ ఎక్కణ్ణించి తెప్పిస్తారు?"

దేనికి జవాబు వచ్చినా వెంటనే రెండో ప్రశ్న వేయాలి: "ఎన్నింటికి వెళ్తే బాగుంటుంది?" ఇది మర్చిపోతే మొదటి ప్రశ్న దండగ. చాలామంది చేసే తప్పు ఇదే, చోటు పేరు వినగానే "థాంక్సండీ" అని కదిలిపోతారు.

అడుగు 2: ఎవర్ని ఏం అడగాలో చూసుకోండి

ఒక్కొక్కరికి ఒక్కో విషయంలోనే పట్టు ఉంటుంది. సముద్రం సంగతి జాలర్లనే అడగాలి. అలలు ఎలా ఉన్నాయి, ఇవాళ నీళ్ళలో దిగొచ్చా, పోటు (నీళ్ళు పైకొచ్చే వేళ) ఎప్పుడు, పాటు (నీళ్ళు వెనక్కి తగ్గే వేళ) ఎప్పుడు అన్నది వాళ్ళు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. కూరగాయలు, పూలు, గుడి రద్దీ అయితే పూర్ణా మార్కెట్లో పూలమ్మే అమ్మల్ని అడగండి. బస్సుల సంగతి కండక్టర్లని, లేదా స్టాపులో సంచీతో నిలబడ్డ పెద్దావిడని. వన్ టౌన్ కథలకైతే అక్కడి అరుగుల మీద సాయంత్రం పేపరు చదివే పెద్దాయనలున్నారు, వాళ్ళలో పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్ళు దొరికితే మీ అదృష్టం, ఓ గంట పక్కన పెట్టుకోండి, మధ్యలో లేవనివ్వరు.

ఆటో అతన్ని దారి అడగండి, ట్రాఫిక్ అడగండి. హోటల్ మాత్రం అడక్కండి. అందరూ అలా అని కాదుగానీ కమీషన్ ఉన్న చోటికే తీసుకెళ్ళేవాళ్ళూ ఉంటారు, నేనూ ఓసారి అలాగే వెళ్ళి చల్లారిపోయిన బిర్యానీకి రెండింతలు కట్టొచ్చాను.

పిలుపు కూడా ముఖ్యమే. పెద్దవాళ్ళని "బాబాయ్", "అమ్మా" అంటే చాలు. ఈడువాళ్ళు ఇక్కడ "గురూ" అనుకుంటారు. ఎవరైనా "ఏటి?" అంటే విసుక్కున్నారనుకోకండి, "ఏంటి" అనడమే అది.

అడుగు 3: ఊళ్ళోవాళ్ళు వాడే పేర్లు పట్టుకోండి

ఇది చిన్నదే గానీ లేకపోతే దారి తప్పుతారు. "కాంప్లెక్స్" అంటే ఆర్టీసీ బస్టాండు, షాపింగ్ మాల్ అనుకుని వెతుక్కున్నవాళ్ళు ఉన్నారు. "జగదాంబ" సినిమా హాలు పేరు మీద వచ్చిన జంక్షన్, అమ్మవారి గుడి కోసం చూడకండి. "వన్ టౌన్" అంటే పాత ఊరు. "పాత పోస్టాఫీసు" అక్కడి బస్సుల చివరి స్టాపు. "ఆర్కే" అంటే రామకృష్ణ, ఆ బీచ్ ఎదురుగా ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిన పేరు. ఇంకోటి, ఎవరైనా "హుద్‌హుద్‌కి ముందు ఇక్కడ పెద్ద చెట్లుండేవి" అంటే 2014 అక్టోబర్ 12న వచ్చిన తుపాను సంగతి చెప్తున్నారని అర్థం. ఈ ఊళ్ళో చాలా కథలకి అదే గుర్తు.

అడుగు 4: మొదటి తెల్లవారుజాము ఫిషింగ్ హార్బర్‌కి

ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి. బోట్లు వచ్చి చేపలు దించుతుంటారు, గంపలు నేల మీద కుప్పపోయగానే చుట్టూ జనం మూగి వేలంపాట మొదలవుతుంది. ఎంతకి మొదలై ఎంతకి ఆగిందో మొదటి పది నిమిషాలూ అర్థం కాదు. కంగారు పడకండి, పక్కన నిలబడి చూడండి. వంజరం, చందువ, రొయ్యలు, నెత్తళ్ళు... పేర్లు ఒక్కొక్కటే అడిగి తెలుసుకోండి, విసుక్కోకుండా చెప్తారు, పని మధ్యలో కాకుండా పాట అయిపోయాక అడిగితే.

నేను మొదటిసారి ఎనిమిదిన్నరకి వెళ్ళాను. గంప సర్దుకుంటున్న ఓ ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఇప్పుడొచ్చినావు? సేపలు ఎప్పుడో ఎల్లిపోనాయి" అంది. ఈ వ్యాసం మొత్తం ఆవిడ చెప్పిన ఆ ఒక్క ముక్కలోంచే పుట్టిందనుకోండి.

జాగ్రత్తలు:
- నేలంతా నీళ్ళు, పొలుసులు, మంచు ముక్కలు. జారుతుంది. బండ్లు, తోపుడు రిక్షాలు ఆగవు, దారికి అడ్డం నిలబడకండి.
- మనుషుల ఫొటోలు అడక్కుండా తీయొద్దు. పక్కనే పోర్టు, నేవీ ప్రాంతాలు ఉన్నాయి, బోర్డు ఉన్న వైపు కెమెరా ఎత్తొద్దు.
- పాటలో పెద్ద కుప్పలు వ్యాపారులు కొంటారు. మీకు కిలో కావాలంటే బయట అమ్ముకునే ఆడవాళ్ళ దగ్గర కొనండి. శుభ్రం చేసి కోసిచ్చేవాళ్ళు పక్కనే ఉంటారు, డబ్బులు వేరేగా ఇవ్వాలి. ముందే మాట్లాడుకోండి.

ముఖ్యమైన సంగతి: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా మీ వేసవి సెలవులప్పుడే. ఆ రెండు నెలల్లో వచ్చేవాళ్ళు హార్బర్ వదిలేసి లాసన్స్ బే దగ్గర పెదజాలరిపేట వైపు వెళ్ళండి. తెడ్లతో నడిపే పడవలకి నిషేధం లేదు కాబట్టి వేట నుంచి వచ్చేవాళ్ళు కొందరైనా కనిపిస్తారు. సరుకు తక్కువ, ధర ఎక్కువ ఉంటుంది, బేరం ఆడేటప్పుడు అది గుర్తుంచుకోండి.

అడుగు 5: అదే రోజు వన్ టౌన్, కాళ్ళతోనే

హార్బర్ నుంచి వచ్చి స్నానం చేసి, టిఫిన్ తిని, పదింటిలోపు వన్ టౌన్‌లో ఉండండి. కారు అస్సలు వద్దు. ఆ సందుల్లో కారు దూర్చితే వెనక్కి తీయడానికి వీధి వీధంతా సలహాలిస్తుంది.

పూర్ణా మార్కెట్ దగ్గర మొదలుపెట్టి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి నడవండి. ఇక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే ఉంటుంది. భక్తులే స్వయంగా పసుపు, కుంకుమ వేసి పూజ చేసుకుంటారు. గురువారాలు రద్దీ, మార్గశిర మాసం గురువారాల్లో అయితే లైను వీధులు దాటిపోతుంది. ఆ రద్దీయే చూడాలనుకుంటే వేరే మాట, ప్రశాంతంగా దర్శనం కావాలంటే మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్ళండి.

తర్వాత కురుపాం మార్కెట్ మీదుగా విక్టోరియా రాణి విగ్రహం దగ్గరికి రండి. ఆ పేరుతో అడిగితే కుర్రాళ్ళు తెల్లమొహం వేస్తారు, "రాణీ బొమ్మ ఎక్కడ?" అనాలి. అక్కణ్ణించి టౌన్ హాల్ చూసుకుని రాస్ హిల్ వైపు.

రాస్ హిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మేరీ మాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి. చర్చి కొండ పైనుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా, మధ్యలో పోర్టులోకి వెళ్ళే కాలువ. ఈ పోర్టు 1933లో మొదలైంది. ఓడ లోపలికొస్తున్నప్పుడు అక్కడుంటే, అంత పెద్ద ఓడ ఇంత సన్నటి దారిలో ఎలా దూరుతుందా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. ఓడ ఎప్పుడొస్తుందో చెప్పే బోర్డేమీ ఉండదు. కింద టీ కొట్టు దగ్గర "ఇవాళ ఓడలేమైనా వస్తున్నాయా బాబాయ్" అని అడగండి, ఒక్కోసారి కచ్చితంగా చెప్తారు, ఒక్కోసారి "వస్తే వస్తాయి" అంటారు.

పన్నెండు దాటాక ఆ మెట్లు ఎక్కొద్దు. ఇక్కడి ఉక్కపోత హైదరాబాద్ ఎండలాంటిది కాదు, నీడలో నిలబడ్డా చొక్కా తడిసిపోతుంది. మధ్యాహ్నం పడుకోండి. ఊళ్ళోవాళ్ళూ అదే చేస్తారు.

అడుగు 6: బీచ్‌కి సూర్యాస్తమయం కోసం వెళ్ళకండి

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, "సన్‌సెట్ ఏ బీచ్‌లో బాగుంటుంది?" అని. మనది తూర్పు తీరం, సూర్యుడు మీ వెనక కొండల్లోకి దిగిపోతాడు. సముద్రంలోంచి సూర్యుణ్ణి చూడాలంటే తెల్లవారుజామునే రావాలి. ఆ వేళ బీచ్ రోడ్డులో కొంత దూరం వాహనాలు ఆపేస్తారు, ఊరంతా నడకకి వస్తుంది, అడిగితే కబుర్లు చెప్పడానికి అందరికీ తీరిక ఉండే సమయం కూడా అదే.

సాయంత్రమే కావాలంటే పున్నమి చూసుకుని రండి. ఇటు సూర్యుడు దిగే వేళకి అటు సముద్రంలోంచి ఎర్రటి చంద్రుడు లేస్తాడు. క్యాలెండర్‌లో పున్నమి చూసి టికెట్లు కొనుక్కునే చుట్టాలు మాకు ఇప్పుడు ఇద్దరున్నారు. మబ్బు పడితే మాత్రం నా పూచీ లేదు, మురీ మిక్సర్ పొట్లం తిని వచ్చేయండి. నిమ్మకాయ ఎక్కువ పిండమని చెప్పండి.

జాగ్రత్త, ఇది సరదా కాదు: ఆర్కే బీచ్‌లో ఈత కొట్టొద్దు. మోకాళ్ళ దాకా అనుకుని నిలబడితే కాళ్ళ కింద ఇసుక జారి ఒక్కసారిగా లోతొస్తుంది, వెనక్కి వెళ్ళే నీరు లాగేస్తుంది. ఈతగాళ్ళు కూడా పోయారు. యారాడ బీచ్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడైనా దిగేముందు జాలరి మనిషి ఎవరైనా కనిపిస్తే అడగండి, "వద్దు" అంటే వాదించకండి.

అడుగు 7: రెండో రోజు భీమిలి దారి, కుడివైపు కిటికీ

రైల్వే స్టేషన్ దగ్గర 900కె బస్సు ఎక్కండి. భీమిలి వెళ్ళేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది, అటు సీటు పట్టుకోండి, వచ్చేటప్పుడు ఎడమ. క్యాబ్‌లో వెళ్తే హాయే గానీ కండక్టర్ ఉండడు, పక్క సీట్లో చేపల గంపావిడా ఉండదు.

దారిలో ముందు తొట్లకొండ. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండిన ఆరామం, కొండరాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి కాబట్టి ఆ పేరు. పైన నీడ తక్కువ, అందుకని ఇదే ముందు, తొమ్మిదిలోపు. రోడ్డు మీద బస్సు దిగాక పైకి నడక ఉంది, నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. కిందికొచ్చాక మంగమారిపేట ఒడ్డున రాతి తోరణం ఉంది, సముద్రం కోసుకుంటూ వచ్చిన రాయి. దాని దగ్గరికి పాటు ఉన్నప్పుడే వెళ్ళాలి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. రోజూ వేళ జరుగుతుంటుంది కాబట్టి నిన్న ఎవరో చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు మరీ ఎక్కువ. ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ళని అడిగితే తలెత్తకుండానే చెప్పేస్తారు.

మధ్యాహ్నం భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్లో కలిసింది. డచ్చివాళ్ళ సమాధులు, గడియార స్తంభం, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ నడిచే దూరమే. ఆదివారం సాయంత్రం వెళ్తే ఊరంతా అక్కడే ఉంటుంది.

ఎర్రమట్టి దిబ్బలు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. నాలుగు తర్వాత ఏటవాలు ఎండ పడితేనే ఆ ఎరుపు తేలుతుంది, మధ్యాహ్నం చూస్తే మామూలు మట్టిలా ఉంటుంది. అంచుల మీద ఎక్కొద్దు, విరిగిపోతాయి, కింద పడతారు కూడా. చీకటి పడేలోపు బయటికి రండి, లోపలి పాయలన్నీ ఒకేలా ఉంటాయి. చివరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే కండక్టర్‌ని అడిగి ఉంచుకోండి.

అడుగు 8: ప్రతి మాటనీ రెండో నోట కూడా వినండి

ఊరివాళ్ళు చెప్పిందల్లా వేదం కాదు. ఒకాయన నాతో ఎంతో నమ్మకంగా చెప్పిన హోటల్ మూతపడి నాలుగేళ్ళయింది, ఆయన అటు వెళ్ళి ఐదేళ్ళయిందట. అందుకని వేరే పని చేసే ఇంకో మనిషిని అదే సంగతి అడగండి. కండక్టర్, పూలమ్మ ఇద్దరూ ఒకే వేళ చెప్తే నమ్మొచ్చు. చోటు ఒకటే చెప్పి వేళలు వేరుగా చెప్తే, ఇద్దరిలో "పోయిన వారమే వెళ్ళాను" అన్నవాళ్ళ మాట తీసుకోండి. "దగ్గరే, పక్కనే" అన్న మాటకి లెక్క లేదు, "నడిస్తే ఎన్ని నిమిషాలు?" అనండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

- అరకుని ఈ రెండ్రోజుల్లో ఇరికించడం. సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ ప్రయాణం, దానికి వేరే రోజు కావాలి.
- కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం వెళ్ళడం.
- తెలియక అక్షయ తృతీయ నాడు సింహాచలం బయల్దేరడం. ఏడాది పొడుగునా చందనంలో ఉండే స్వామి నిజరూప దర్శనం ఆ ఒక్క రోజే, అడుగు వేయడానికి చోటుండదు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ అప్పుడూ అంతే, ఆ రోజు ఊళ్ళో సగం రోడ్లు నడిచేవాళ్ళవే.
- పది మందిని అడిగి పదీ చూడాలనుకోవడం. రోజుకి మూడు చాలు.
- ఏమీ కొనకుండా, టీ కూడా తాగకుండా కొట్టు ముందు నిలబడి అరగంట ప్రశ్నలు వేయడం.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండో రోజు రాత్రి ఇవి చూసుకోండి. ఫోన్ తీయకుండా నాలుగు చేపల పేర్లు చెప్పగలరా? రేపు పాటు సుమారు ఎన్నింటికో తెలుసా? మీరు తిన్నవాటిలో ఒక్కటైనా, బయల్దేరేముందు పేరు కూడా వినని చోట తిన్నదేనా? మూడింటికీ అవునంటే పని అయినట్టే. ఒక్కటీ కాకపోతే మీరు మళ్ళీ "చూడాల్సినవి ఏమున్నాయి" అనే అడిగి ఉంటారు, మూడో రోజు ఉంటే అడుగు 1 నుంచి మొదలుపెట్టండి.

వెళ్ళేముందు, హార్బర్ దగ్గర చేపలు కోసిచ్చినావిడకో, బస్సు చెప్పిన పెద్దాయనకో మళ్ళీ కనబడి "మీరు చెప్పినట్టే వెళ్ళామండీ" అనండి. అప్పుడు చెప్తారు అసలువి, "అయితే ఇంకోసారి వచ్చినప్పుడు ఫలానా చోటికి పొద్దున ఆరింటికి రండి" అని. ఆ చోటు పేరు నాక్కూడా ఓ మెసేజ్ పెట్టండి.